మనసుకు నచ్చినదంతా శరీరాశేనా? దేవుని చిత్తం అని ఎలా తేల్చుకుంటారు?

ఆవగింజ
ఎంత ఆలోచించినా తేలక అడుగుతున్నా. ఏదైనా మనసుకు నచ్చింది అంటే చాలు, "అది నీ ఇష్టం, దేవుని చిత్తం కాదు, సిలువ వేసెయ్" అంటారు సగం మంది. మిగతా సగం తమకు నచ్చిందే చేసేసి "ప్రార్థన చేశాం, సమాధానం ఉంది" అంటారు. ఆ సమాధానాన్ని ఇంకెవరూ ప్రశ్నించడానికి లేదు. మొదటివాళ్ల లెక్కలో కష్టంగా ఉన్నదే దేవుని చిత్తం. రెండోవాళ్ల లెక్కలో తేలిగ్గా జరిగిపోయిందే దేవుని చిత్తం. నాకు రెండూ అనుమానమే. పెళ్లి, ఉద్యోగం, సేవ, చదువు, ఏ విషయమైనా సరే, ఇష్టానికీ విధేయతకీ మధ్య తేల్చుకోవడానికి చేతికి దొరికే పద్ధతి ఏదైనా ఉందా? "బాగా ప్రార్థించండి" అన్న జవాబు మాత్రం వద్దు. అది ఎలాగూ చేస్తాం.

ఉప్పుకల్లు
బాగా ప్రార్థించండి.

(సారీ, ఆగలేకపోయా.)

బెరయవాసి
ముందు ప్రశ్నని రెండు ముక్కలు చెయ్యండి. ఆ విషయంలో దేవుడు ఇప్పటికే మాట్లాడాడా, లేదా? ద్వితీయోపదేశకాండము 29:29 గీసిన గీత ఇదే. రహస్యాలు ఆయనవి, బయలుపరచినవి మనం పాటించడానికి మనకిచ్చినవి.

మాట్లాడేసిన చోట అనుమతి కోసం ప్రార్థించే పనిలేదు, బలం కోసం ప్రార్థించాలి. దొంగలెక్క రాయమని పైఅధికారి అడిగితే "ప్రభువా, నీ చిత్తమేమిటి" అని మూడు రోజులు ఉపవాసం ఉండడం భక్తిలా కనిపిస్తుంది గానీ, నిజానికి అది వాయిదా వెయ్యడమే.

"దేవుని చిత్తం" అని కొత్త నిబంధన సూటిగా పేరుపెట్టి చెప్పిన చోట్లు ఒకసారి తిరగెయ్యండి. 1 థెస్సలొనీకయులకు 4:3లో పరిశుద్ధత. అదే పత్రిక 5:18లో కృతజ్ఞత. 1 పేతురు 2:15లో మంచి ప్రవర్తనతో మూర్ఖుల నోరు మూయించడం. ఏ కంపెనీలో చేరాలి అన్నది వీటిలో ఒక్కదాంట్లోనూ లేదు. మనం చెమటోడ్చి వెతికేదేమో అదే.

తోమాకు_తమ్ముడు
మరి మాట్లాడని చోట మన ఇష్టమేనా? హృదయం అన్నిటికంటె మోసకరమైనది అని యిర్మీయా 17:9 ఉంది కదా. దాని మాట వినొచ్చని ఎవరు చెప్పారు?

బెరయవాసి
తోమాకు_తమ్ముడు, సంఖ్యాకాండము 36:6 చూడండి. అన్నదమ్ములు లేక తండ్రి భూమి దక్కిన సెలోపెహాదు కూతుళ్లు ఎవర్ని పెళ్లి చేసుకోవాలి అన్న విషయంలో యెహోవా ఇచ్చిన మాట: తమకు ఇష్టమైనవాళ్లని చేసుకోవచ్చు, తండ్రి గోత్రం దాటకుండా. కంచె ఆయన వేశాడు, లోపల ఇష్టం వాళ్లకి వదిలాడు. కొత్త నిబంధనలోనూ వరస ఇదే. 1 కొరింథీయులకు 7:39, భర్త పోయిన స్త్రీ తనకిష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే. మొదటి సగం మరిచిపోయేవాళ్లు కొందరు, చివరి రెండు మాటలు మరిచిపోయేవాళ్లు కొందరు.

లేఖనశోధకి
ఆవగింజ గారు చెప్పిన మొదటి బ్యాచ్ ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో నాకు ఒక అనుమానం. మన తెలుగు బైబిల్లో యాకోబు 1:14 దగ్గర "తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" అని ఉంటుంది. దురాశ అనగానే తప్పు అని తేలిపోయింది. కానీ గ్రీకులో అక్కడున్నది "ఎపిథుమియా", అంటే గట్టి కోరిక, అంతే. దాని క్రియారూపమే లూకా 22:15లో యేసు నోట వస్తుంది. పస్కా మీతో కలిసి తినాలని మిక్కిలి ఆశపడ్డాను అంటాడు. 1 తిమోతి 3:1లో అధ్యక్షపదవి కోరేవాడు మంచి పనిని అపేక్షిస్తున్నాడు అన్నచోటా అదే. అనువాదకులు సందర్భాన్ని బట్టి ఒకచోట దురాశ అన్నారు, ఒకచోట ఆశ అన్నారు. వాళ్లది తప్పని అనను. కానీ తెలుగులో మాత్రమే చదివేవాళ్లకి అది ఒకే మాట అని తెలిసే దారి లేదు.

అందుకని "కోరిక ఉందా" అన్న ప్రశ్న వల్ల ఏమీ తేలదు. అది దేన్ని కోరుతోంది, దొరక్కపోతే ఏం చేస్తుంది అన్నదే చూడాలి.

గొర్రెబొచ్చు
నా పేరు పెట్టుకున్న పద్ధతి ఉందిగా. గుర్తు అడగండి. ఫలానా రోజులోపు ఫోన్ వస్తే వెళ్లాలి, రాకపోతే మానాలి.

లేఖనశోధకి
గొర్రెబొచ్చు, మీరు సరదాకే అన్నారనుకుంటా, కానీ చాలామంది నిజంగానే చేస్తారు కాబట్టి చెప్తున్నా. న్యాయాధిపతులు 6లో మిద్యానీయుల చేతిలోంచి ఇశ్రాయేలును రక్షించమని గిద్యోనుకి దేవుడు 14వ వచనంలోనే చెప్పేశాడు. గుర్తు కోసం గొర్రెబొచ్చు పరిచింది 37లో. అంటే ఆయన దారి వెతకడం లేదు, వచ్చిన ఆజ్ఞని నమ్మలేక అడుగుతున్నాడు. 39లో "నీ కోపం నామీద మండనియ్యకు" అని తనే అంటున్నాడు, అది సరైన పని కాదని తెలిసే. పైగా ఆయన అడిగింది ప్రకృతిలో జరగనిది: ఒక రాత్రి మంచుకి బొచ్చు మాత్రమే తడిసి నేల ఆరిపోయి ఉండాలి, మర్నాటి రాత్రి దానికి రివర్స్. మనం అడిగేదేమో ఎలాగూ సగానికి సగం అవకాశం ఉన్నది. ఫోన్ రావడం మంచు కురవడం లాంటిది కాదు.

గొర్రెబొచ్చు
పేరు మార్చుకోమంటారా ఇప్పుడు 😄

ఉప్పుకల్లు
"ఆరిన నేల" అని పెట్టుకో.

నడిరాత్రి_ప్రార్థన
గుర్తులు సరే. లోపల సమాధానం సంగతి? కొలొస్సయులకు 3:15లో క్రీస్తు సమాధానం మీ హృదయాల్లో ఏలనియ్యండి అని ఉంది కదా. ఆ "ఏలడం" అన్న మాటకి గ్రీకులో అంపైర్‌లా తీర్పు ఇవ్వడం అనే అర్థం ఉందని విన్నాను. అంటే సమాధానమే అంపైర్.

సంఘపెద్ద_రిటైర్డ్
అంపైర్ అర్థం నిజమే అమ్మా. కానీ ఆ వచనం అక్కడితో ఆగదు. "ఇందుకొరకే మీరొక్క శరీరముగా పిలువబడితిరి" అని ఉంటుంది. పైన 13లో ఒకరినొకరు సహించండి, క్షమించండి. సంఘంలో తగాదా వచ్చినప్పుడు ఏది గెలవాలి అన్న మాట అది. నా పొట్టలో కలవరం తగ్గిందా లేదా అన్న మీటర్ కాదు.

ఆ మీటర్ ఎంత తప్పు చూపిస్తుందో రెండుచోట్ల చూడండి. దేవుడి నుంచి పారిపోతున్న యోనా, తుఫానులో ఓడ అడుగున గాఢనిద్రలో ఉన్నాడు. తండ్రి చిత్తానికి నూటికి నూరుపాళ్లు లోబడుతున్న యేసు, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో చెమట రక్తబిందువుల్లా కారేంత వేదనలో ఉన్నాడు. "సమాధానం ఉందా లేదా" అని ఇద్దర్నీ అడిగితే ఎవరు పాస్ అవుతారు?

ఉప్పుకల్లు
యోనాకి ఇంకోటి కూడా కలిసొచ్చింది. రేవుకి వెళ్లేసరికి తర్షీషు ఓడ రెడీ. చేతిలో ప్రయాణపు ఖర్చు రెడీ. ఈ రోజుల్లో అయితే "ద్వారాలు తెరిచాడు" అని సాక్ష్యం చెప్పేవాడు.

నడిరాత్రి_ప్రార్థన
ఒప్పుకుంటా, కొలొస్సయుల సందర్భం నేను చూడలేదు. కానీ ఫిలిప్పీయులకు 4:6-7 ఉంది కదా? విన్నపాలు తెలియజేస్తే సమస్త జ్ఞానానికి మించిన సమాధానం కావలి ఉంటుంది. దాన్ని కూడా కొట్టేస్తారా?

సంఘపెద్ద_రిటైర్డ్
కొట్టెయ్యను. అయితే అక్కడ సమాధానం చేసే పని కావలి కాయడం. దారి చూపడం అనలేదు. అడిగినది దొరికినా దొరక్కపోయినా అది ఉంటుంది. కాబట్టి నిర్ణయానికి రుజువుగా దాన్ని చూపించలేం. తెరిచిన తలుపు కూడా అంతే. 2 కొరింథీయులకు 2:12-13 చదివి చూడండి. త్రోయలో పౌలుకి ప్రభువే తలుపు తీశాడు. తన సహచరుడు తీతు కనబడలేదని మనసు నిలవక పౌలు అక్కడినుంచి మాసిదోనియకి వెళ్లిపోయాడు. అందుకు ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

తనను చంపడానికి వెతుకుతున్న రాజు సౌలు ఒక గుహలో దావీదు చేతికి చిక్కినప్పుడు "దేవుడు చెప్పిన రోజు ఇదే" అని దావీదు మనుషులు అన్నారు (1 సమూయేలు 24:4). తలుపు బార్లా తెరిచే ఉంది. దావీదు సౌలు బట్టచెంగు మాత్రం కోసి, దానికే మనసు నొచ్చుకున్నాడు.

ఆవగింజ
గుర్తు వద్దు, సమాధానం రుజువు కాదు, తలుపు రుజువు కాదు. అన్నీ కొట్టేశారు. మిగిలిందేంటి?

సంఘపెద్ద_రిటైర్డ్
మిగిలినవే ఎక్కువ. కాగితం, పెన్ను తీసుకోండి. సలహా కోసం వచ్చేవాళ్లతో ఏళ్లతరబడి చేయించే పని ఇదే, కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మొదట, విషయాన్ని అవును-కాదు జవాబు వచ్చే ఒక్క వాక్యంగా రాయాలి. "నా భవిష్యత్తు ఏమిటి" అన్నది ప్రశ్న కాదు. "ఈ ఉద్యోగం వదిలి సేవకి వెళ్లాలా" అన్నది ప్రశ్న. దావీదు అడిగిన తీరు చూడండి. 1 సమూయేలు 23లో "వెళ్లి ఫిలిష్తీయులను కొట్టనా?", "సౌలు వస్తాడా?", "కెయీలా ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా?" అన్నీ పొట్టివి, దేనికది విడిగా. వాక్యం పక్కన తేదీ వెయ్యాలి. తేదీ ఎందుకంటే, మూడు నెలల తర్వాత మనం ఏం అడిగామో మన బుర్ర మార్చేస్తుంది.

తర్వాత దాని కింద, మీకు ఏ జవాబు కావాలో నిజం రాయండి. "ప్రభువు ఎలా చెప్తే అలా" అని రాస్తే చింపేసి మళ్లీ రాయండి. గెత్సేమనేలో ప్రార్థన "నీ చిత్తమే" తో మొదలవలేదు. ఈ గిన్నె తొలగించు అన్న కోరిక ముందు బయటపడింది, ఆ తర్వాతే "నా యిష్టము కాదు". చెప్పని ఇష్టాన్ని అప్పగించలేం. చాలామంది పట్టు తప్పేది ఈ దగ్గరే. కోరికే లేనట్టు నటించి, చివరికి అదే చేస్తారు.

ఆ పైన పేజీని మూడు వరుసలు చెయ్యండి. ఒకటి ఆజ్ఞ: ఈ విషయంలో వాక్యం సూటిగా అన్నది. రెండు బాధ్యత: నేను ఇప్పటికే ఇచ్చిన మాటలు, తీర్చాల్సిన అప్పులు, నామీద ఆధారపడినవాళ్లు. మూడు ఇష్టం. మొదటి వరుసలో ఏదైనా అడ్డుపడితే ప్రశ్న అక్కడే అయిపోయింది. రెండో వరుసలో అడ్డుపడితే ఎక్కువసార్లు జవాబు "ఇప్పుడే కాదు". ఆ రెండూ ఖాళీగా ఉంటే మూడోదాన్ని పాపంలా చూడకండి.

రెండో వరుసని దాటెయ్యడానికి భక్తి పేరు వాడతారు. మార్కు 7:11లో కొర్బాను సంగతి అదే. అమ్మానాన్నలకి పెట్టాల్సినది దేవుడికి అర్పితం అనేస్తే చేతులు దులుపుకోవచ్చు. యేసు దాన్ని విధేయత అనలేదు, దేవుని వాక్యాన్ని నిరర్థకం చెయ్యడం అన్నాడు.

లేఖనశోధకి
పెద్దాయన చెప్పినదానికి ఒక వరుస కలపాలి: మనస్సాక్షి. ఆజ్ఞ అందరికీ ఒకటే. మనస్సాక్షి ఎవరిది వాళ్లది. రోమీయులకు 14:5లో ప్రతివాడు తన మనసులో రూఢి చేసుకోవాలి అన్నాడు, 14:23లో విశ్వాసం వల్ల కానిది పాపం అన్నాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం పడిందని 100 మీటర్లు వదులుకున్నాడు. షెడ్యూల్ ఆఖరి నిమిషంలో తెలిసిందని కథలా చెప్పుకుంటారు. నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలల్లో 400 మీటర్లకి సాధన చేశాడు. 47.6 సెకండ్లలో స్వర్ణం, 200 మీటర్లలో కాంస్యం. పరుగెత్తాలన్న ఇష్టాన్ని చంపుకోలేదు, తన మనస్సాక్షి ఒప్పుకోని ఒక్క పరుగు మానేశాడు. ఆదివారం పరుగెత్తిన మిగతావాళ్లు పాపులని కూడా దానర్థం కాదు.

తోమాకు_తమ్ముడు
స్వర్ణం రాకపోతే ఈ కథ చెప్పుకునేవాళ్లమా?

లేఖనశోధకి
చెప్పుకునేవాళ్లం కాదేమో. మంచి దెబ్బ. కానీ 100 మీటర్లు వదిలినప్పుడు 400లో గెలుస్తానని ఆయనకి తెలీదు.

నిశ్శబ్దవేళ
కతోలిక వైపు నుంచి ఒక పద్ధతి. జెస్యూట్ సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ రాసిన "ఆధ్యాత్మిక సాధనలు" పుస్తకానికి 1548లో పోపు ఆమోదం వచ్చింది. అందులో మూడు రకాల మనుషుల లెక్క ఒకటి ఉంది. ముగ్గురికీ 10,000 డకట్లు (బంగారు నాణేలు) దొరికాయి, దేవుని ప్రేమ కోసమే సంపాదించినవేం కావు. ముగ్గురికీ దాని మీద మమకారం పట్టుకుంది, వదిలించుకోవాలనే ఉంది. మొదటివాడు వదిలించుకుంటా అంటూనే చచ్చేదాకా ఏమీ చెయ్యడు. మూడోవాడు ఉంచుకోవడమైనా ఇచ్చెయ్యడమైనా దేవుడు ఎటు చూపితే అటు అని నిజంగానే సిద్ధపడతాడు.

మన థ్రెడ్‌కి కావలసింది రెండోవాడు. మమకారం పోవాలి, డబ్బు మాత్రం ఉండాలి. అంటే తను దేవుడి దగ్గరికి వెళ్లడు, తను కూర్చున్న చోటికే దేవుడు రావాలి. "ఈ సంబంధాన్ని ఆశీర్వదించు" అన్న ప్రార్థనల్లో ఎన్ని ఈ రెండోవాడివో చూసుకోవాలి.

పనికొచ్చే చిట్కాలు కూడా ఆయనవే. మనసు ఎండిపోయి దిగులుగా ఉన్న రోజుల్లో పాత నిర్ణయం మార్చకూడదు. మీ పరిస్థితిలోనే ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి సలహా అడిగితే ఏం చెప్తారో ఆ మాట మీరు పాటించాలి. చనిపోయే ఘడియలో ఉన్నట్టు ఊహించుకుని, అప్పుడు ఈ విషయంలో ఏం చేసి ఉంటే బాగుండుననిపిస్తుందో అడగాలి.

నడిరాత్రి_ప్రార్థన
ప్రొటెస్టెంట్ వైపు, ఇంగ్లండులో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ కూడా దాదాపు ఇదే అన్నాడు. ఆ విషయంలో నా సొంత ఇష్టం అనేదే లేని స్థితికి హృదయాన్ని తెచ్చుకోవడం మొదటి మెట్టు, పదింట తొమ్మిది వంతుల ఇబ్బంది ఇక్కడే అని. ఆ తర్వాత ఫీలింగ్‌కి వదిలెయ్యకపోవడం, ఆత్మ నడిపింపును వాక్యంతో కలిపి వెతకడం, పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకోవడం, ప్రార్థన. చివర్లో ఒక నిర్ణయానికొచ్చి, ఇంకో రెండు మూడుసార్లు ప్రార్థించాక మనసు నిలిస్తే ముందుకెళ్లడం.

సంఘపెద్ద_రిటైర్డ్
ముల్లర్ అంటే గౌరవమే. మొదటి మెట్టు దగ్గర మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. ఇష్టమే లేకుండా పోవాలి అంటే గెత్సేమనే తప్పయిపోతుంది. అక్కడ ఇష్టం ఉంది, లోబడింది.

నిశ్శబ్దవేళ
ఇగ్నేషియస్ చెప్పిన "సమభావం" కూడా కోరిక లేకపోవడం కాదండీ. త్రాసు ముల్లు నిటారుగా ఉండడం. పళ్లాల్లో బరువు ఉండొచ్చు.

సంఘపెద్ద_రిటైర్డ్
అలా అయితే సరే. కానీ సామాన్యుడు "నాకు ఇష్టం లేదు" అని తనకి తనే అబద్ధం చెప్పుకోవడం మొదలుపెడతాడు. నా భయం అది.

బెరయవాసి
ఆ అబద్ధం పూర్తిగా బట్టబయలయ్యే చోటు యిర్మీయా 42. సెలోపెహాదు కూతుళ్లకంటే ఇది ముందు చెప్పాల్సింది నేను.

బబులోను రాజు యూదాకి అధికారిగా పెట్టిన గెదల్యా హత్య అయిపోయింది. కల్దీయులు (బబులోనువాళ్లు) పగ తీర్చుకుంటారని సేనాధిపతి యోహానాను మనుషులకి ప్రాణభయం. యిర్మీయా ప్రవక్త దగ్గరికొచ్చి దారి చూపమని దేవుణ్ణి అడుగు, నచ్చినా నచ్చకపోయినా వింటాం అని ఒట్టు పెట్టుకున్నారు. చదివితే ఎంత భక్తో అనిపిస్తుంది. కానీ ఒక అధ్యాయం వెనక్కి వెళ్లి 41:17 చూడండి. అప్పటికే బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారు, "ఐగుప్తుకు వెళ్లడానికి". మూటలు కట్టేశాకే ప్రార్థన గుర్తొచ్చింది.

జవాబు వెంటనే రాలేదు. 10 రోజులు. అంత భయంలో ఉన్నవాళ్లు కూడా ఆగారు, అది మెచ్చుకోవాలి. పదో రోజున వచ్చిన మాట: ఇక్కడే ఉండండి, భయపడకండి. వాళ్ల మొదటి జవాబు, నువ్వు అబద్ధమాడుతున్నావు. రెండోది, నీ లేఖకుడు బారూకు నిన్ను ఎగదోస్తున్నాడు. చివరికి ఐగుప్తుకు వెళ్లారు, యిర్మీయానీ వెంటబెట్టుకుని మరీ.

అందుకని పెద్దాయన కాగితం మీద ఇంకో లైను రాయండి: "ఇప్పటికే ఏమేం చేసేశాను?" అడ్వాన్స్ కట్టేశానా, అవతలివాళ్లకి మాట ఇచ్చేశానా, ఇంట్లో చెప్పేశానా. ఆ లిస్ట్ పొడుగ్గా ఉంటే మీరు అడుగుతున్నది దారి కాదు, సంతకం.

ఉప్పుకల్లు
"మీరు అడుగుతున్నది దారి కాదు, సంతకం". దీన్ని ఎవరో ఒకరు పూలబొమ్మ మీద రాసి గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేస్తారు చూడండి.

మౌనగీత
చదువుతూ ఉన్నా, ఒక్క మాట అడగాలి. ఎన్నాళ్లు ఆగాలి? "కనిపెట్టు" అంటూనే జీవితం గడిచిపోతోంది చాలామందికి.

సంఘపెద్ద_రిటైర్డ్
అమ్మా, దానికి ఒకటే లెక్క లేదు. పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా, యెరూషలేము ప్రాకారం కూలి ఉందన్న వార్త కిస్లేవు నెలలో విన్నాడు, నీసాను నెలలో రాజు ముందు నోరు తెరిచాడు. దాదాపు 4 నెలలు. ఊరికే ఆగిన నెలలు కావవి. రాజు "ఏం కావాలి" అనగానే ఎన్నాళ్లు పడుతుందో చెప్పాడు, నది అవతలి అధికారులకి ఉత్తరాలు అడిగాడు, అడవి కాపరి ఆసాపు పేరు చెప్పి తలుపులకి, ప్రాకారానికి, ఇంటికి మాను అడిగాడు. ప్రార్థించే నెలల్లో ఎస్టిమేట్ కూడా వేసుకున్నాడన్నమాట.

కాబట్టి ఆగడానికి గడువు రాసుకోండి. అవతలివాళ్లు పెట్టిన గడువు ఉంటే అదే మీ గడువు. లేకపోతే చిన్న విషయానికి పది రోజులు, ఊరు మారే స్థాయిదానికి రెండు మూడు నెలలు, ఇది నా అంచనా మాత్రమే, వాక్యం కాదు. గడువు నాటికి కొత్తగా ఏమీ తెలియకపోతే, ఉన్న వెలుగులో జ్ఞానంగా తేల్చేసుకోండి. యాకోబు 1:5 జ్ఞానం ఇస్తాను అంది, కల ఇస్తాను అనలేదు. "ఈ రాత్రే తేల్చాలి, ఆత్మ చెప్తోంది" అని ఎవరైనా తొందరపెడితే మాత్రం ఆ రాత్రి తేల్చకండి.

ఉపవాసం మంచిదే, కానీ నిద్ర చాలక కడుపు కాలుతున్న మూడో రోజు రాత్రి రాసిన నిర్ణయాన్ని తిండి తిని నిద్రపోయాక మళ్లీ చదవండి. షుగర్ ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం జోలికి పోవద్దు.

గొర్రెబొచ్చు
సలహా ఎవర్ని అడగాలి? మా బ్యాచ్ అంతా "వెళ్లరా బాబూ" అనే రకం.

బెరయవాసి
సొలొమోను కొడుకు రెహబాముదీ అదే బ్యాచ్. 1 రాజులు 12. పెద్దల్ని అడిగాడు, నచ్చలేదు. తనతో పెరిగినవాళ్లని అడిగాడు, నచ్చింది. 3 రోజుల గడువులో ఇద్దర్నీ అడిగినా రాజ్యం చీలింది. ఎందుకంటే అడగకముందే మొగ్గు ఉంది. ఇద్దర్ని చాలు అడగడం. ఒకరు మీ నిర్ణయం వల్ల లాభం గానీ నష్టం గానీ లేనివాళ్లు. ఇంకొకరు మీకు గతంలో "వద్దు" అని చెప్పి ఉన్నవాళ్లు. ఇద్దరికీ ఒకే మాటల్లో చెప్పండి, కాగితం మీది వాక్యమే చదివి వినిపించండి. మనం మనిషిని బట్టి కథ మారుస్తాం, సలహా తేడా వచ్చేది అక్కడే.

మౌనగీత
పాస్టర్ గారు "నాకు దేవుడు చెప్పాడు, నువ్వు ఇలా చెయ్యాలి" అంటే? కాదంటే అవిధేయత అంటారు.

లేఖనశోధకి
1 రాజులు 13. యూదానుంచి బేతేలుకి వచ్చిన దైవజనుడికి దేవుడు సూటిగా చెప్పాడు: అక్కడ తినొద్దు, తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లొద్దు. రాజు పిలిచి సగం ఇల్లు ఇచ్చినా రానన్నాడు. తర్వాత ఒక ముసలి ప్రవక్త వచ్చి "నేనూ ప్రవక్తనే, దేవదూత నాకు చెప్పాడు, మా ఇంటికి రా" అన్నాడు. అబద్ధం. ఈయన వెళ్లి తిన్నాడు. దారిలో సింహం చంపింది. రాజుకి లొంగని మనిషి, పెద్దరికానికి లొంగిపోయాడు.

మంచి ప్రవక్తలు కూడా తొందరపడతారు. 2 సమూయేలు 7:3లో మందిరం కట్టాలన్న దావీదు కోరిక వినగానే నాతాను "నీకు తోచినదంతా చెయ్యి, యెహోవా నీకు తోడు" అన్నాడు. ఆ రాత్రే దేవుడు కాదన్నాడు. మర్నాడు నాతాను వచ్చి తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ వెనక్కి తీసుకోగలిగే గుణం ఉందా లేదా అన్నది చూడండి, "దేవుడు చెప్పాడు" అనేవాళ్లలో.

సంఘపెద్ద_రిటైర్డ్
మౌనగీత అమ్మా, ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో కొడుతుంటే "లోబడి ఉండు, అదే విధేయత" అని ఎవరన్నా అంటే నమ్మకండి. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకున్నాడు, ఆ రాత్రి భార్య మీకాలు కిటికీలోంచి దింపితే పారిపోయాడు. దేవుడు అభిషేకించిన రాజు మీద చెయ్యి ఎత్తననడం వేరు, ఈటె కింద కూర్చోవడం వేరు. ముందు ప్రాణానికి భద్రత ఉన్న చోటికి వెళ్లాలి, పోలీసులకి చెప్పాల్సి వస్తే చెప్పాలి. మిగతా ప్రశ్నలు తర్వాత.

మౌనగీత
🙏

తోమాకు_తమ్ముడు
సరే, అంతా చేశాడు, కాగితం రాశాడు, ఆజ్ఞ వరుసలో అడ్డు ఉంది, వదిలేశాడు. కానీ కోరిక పోలేదు. ఏడాది దాటినా పోలేదు. లోబడినట్టా కాదా?

లేఖనశోధకి
లోబడినట్టే. ఫిలిప్పీయులకు 1:23లో పౌలు "ఈ రెంటి మధ్యను ఇరుకునబడియున్నాను" అంటాడు. లోకం విడిచి వెళ్లిపోయి క్రీస్తుతో ఉండాలని ఆశ, బతికి ఉండిపోవడం మీకు అవసరం. ఆశ పోయిందని ఎక్కడా చెప్పలేదు. ఉంటాను అన్నాడు, అంతే.

దావీదుని చూడండి. మందిరం కట్టొద్దు అన్నాక దేవుడే "ఆ కోరిక మంచిదే" అన్నాడని 1 రాజులు 8:18లో సొలొమోను చెప్తాడు. మంచి కోరికకి కూడా "కాదు" రావచ్చు. ఆ కోరికని దావీదు ఏం చేశాడు? 1 దినవృత్తాంతములు 22:14లో సామాను పోగుచేశాడు, మూలంలోని లెక్క 1,00,000 తలాంతుల (తలాంతు అంటే ఆనాటి తూకం) బంగారం, 10,00,000 తలాంతుల వెండి. ఇత్తడి, ఇనుము తూచడం మానేశారు. ఇంకొకరు కట్టే ఇంటికి.

తోమాకు_తమ్ముడు
అది మంచి కోరిక కాబట్టి మళ్లించడానికి దారి దొరికింది. ఆజ్ఞకి అడ్డుగా ఉన్నదాన్ని ఎటు మళ్లిస్తాం? పెళ్లయిన మనిషి మీద మనసు పడింది అనుకోండి.

బెరయవాసి
దాన్ని మళ్లించరు, మేత ఆపుతారు. రోమీయులకు 13:14 శరీరేచ్ఛల కోసం "ఆలోచన చేసికొనక" అంటుంది. ఆ గ్రీకు మాటకి ముందుగా ఏర్పాటు చెయ్యడం అని అర్థం. కోరిక రావడం మన చేతిలో లేకపోవచ్చు, ఏర్పాటు మన చేతిలోనిదే. ఏ టైముకి, ఏ సాకుతో, ఎక్కడ కలుస్తున్నారో రాసుకుంటే నాలుగైదు ఏర్పాట్లే బయటపడతాయి: రాత్రి మెసేజులు, ఒకే బండిలో రావడం, "ప్రార్థన మనవి" పేరుతో ఫోన్. ఫీలింగ్ పోవాలని నెలలు ప్రార్థించేవాళ్లు ఆ నంబర్ మాత్రం మ్యూట్ చెయ్యరు. ఒక్క నమ్మకమైన మనిషికి పేరుతో సహా చెప్పాలి, మగవాళ్లు మగవాళ్లకి, ఆడవాళ్లు ఆడవాళ్లకి. రహస్యంగా ఉన్నంతకాలం అది పెరుగుతుంది.

ఉప్పుకల్లు
సౌలు గొర్రెలు గుర్తొచ్చాయి. అమాలేకీయుల పశువుల్ని కూడా మిగల్చొద్దని దేవుడు చెప్పాడు. అన్నీ చంపేశా, బలి కోసం కొన్ని మంచివి ఉంచా అంటాడు. వెనకాల మే మే. "మరి నా చెవిన పడుతున్న ఈ అరుపులేంటి" అని సమూయేలు ప్రవక్త. మ్యూట్ చెయ్యని నంబర్ ఆ గొర్రె.

నడిరాత్రి_ప్రార్థన
మరి కీర్తన 37:4? "ఆయన నీ హృదయవాంఛలను తీర్చును" అని ఉంది కదా. అందరూ గోడకి తగిలించుకునేది అదే.

లేఖనశోధకి
అక్కడ హీబ్రూ మాటకి "అడిగినవి, విన్నపాలు" అన్న అర్థం దగ్గర. ఆ కీర్తన మొదలు చూస్తే చెడ్డవాళ్లు బాగుపడుతున్నారని వ్యసనపడొద్దు అని ఉంటుంది. పక్కవాడికి దొరికింది చూసి కుళ్లుకునేవాడికి చెప్పిన మాట. నేను దాన్ని చెక్కులా చదవను, ఉత్తుత్తి మాట అని కూడా అనను. ముందు సగం "యెహోవానుబట్టి సంతోషించుము". ఆ సంతోషం ఉన్నవాడు అడిగే లిస్టే వేరేగా ఉంటుంది.

తోమాకు_తమ్ముడు
అంటే లిస్ట్ మార్చి ఇస్తాడు. కస్టమర్ కేర్ వాళ్లు చేసేదీ అదే.

లేఖనశోధకి
😂 దీనికి జవాబు రేపు ఇస్తా.

ఆవగింజ
పెద్దాయన చెప్పినట్టు కాగితం తీసుకుని కూర్చున్నా. ఒక్క వాక్యం అన్నారు. ఎంత కుదించినా మూడు వాక్యాలవుతోంది. మూడోదాంట్లో "కానీ" అని కూడా ఉంది.

సంఘపెద్ద_రిటైర్డ్
మూడైతే అవి మూడు ప్రశ్నలు. విడివిడి కాగితాలు తీసుకుని దేనికి దానికి తేదీ వెయ్యండి. "కానీ" తర్వాత ఉన్నదాన్ని మొదట రాయండి.